కర్త లేని వాక్యం – పురపాలక తీర్మానాలూ, మన రచయితలూ

మన కథాసాహిత్యానికి కోర్టు తెలుసు. పోలీసు స్టేషను తెలుసు. తాసీల్దారు కచేరీ, కరణం దప్తరం, సారా దుకాణం తెలుసు. రాచకొండ విశ్వనాథశాస్త్రి 'ఆరు సారా కథలు' చదివినవాడికి మద్యనిషేధ చట్టం ఎవరిని పట్టుకుంటుందో, ఎవరిని చూసీచూడనట్టు వదిలేస్తుందో వేరే చెప్పనక్కరలేదు. న్యాయం అంగడి సరుకైన తీరును అంత దగ్గరగా చూపించిన సాహిత్యం మనకుంది. అయితే కోర్టు మెట్లు జన్మలో ఒక్కసారీ ఎక్కని మనిషిని కూడా ప్రతిరోజూ తాకే అధికారం ఒకటుంది. మురికికాలువ ఏ వీధి మలుపులో ఆగిపోవాలో, కుళాయి నీళ్ళు ఏ పేటకు ముందు రావాలో, కూరగాయల గంపకు రోజుకెంత చెల్లించాలో, వీధి ఊడ్చే మనిషి జీతం ఏ పద్దు కింద రాయాలో నిర్ణయించే అధికారం అది. దాని చిరునామా మునిసిపల్ కౌన్సిలు హాలు. ఆ హాలులోకి మన రచయితలు తొంగిచూసింది తక్కువ. చూసినవారిలో ఎక్కువమంది నవ్వించి బయటపడ్డారు.

కౌన్సిలర్లు కుర్చీలెత్తుకోవడం, మైకులు విరగడం, చైర్మను గారి భార్యాభర్తల తగువు సభలోకి రావడం – ఇవి హాస్యానికి ముడిసరుకు. నిజంగానే జరిగేవి కూడాను. కాని ఆ రభస సాగుతున్న అరగంటలోనే ఇరవై అంశాలు ఆమోదం పొందుతాయి. పత్రికా విలేఖరి రభస రాసుకుపోతాడు, రచయిత ఆ వార్త చదివి కథ రాస్తాడు. ఇరవై అంశాలు మాత్రం మినిట్సు పుస్తకంలో చల్లగా కూర్చుంటాయి. ఊరి బతుకును మార్చేది ఆ పుస్తకం. రచయితలూ సాహిత్య విద్యార్థులూ దాన్ని చదవడమెలాగో చెప్పడానికే ఈ వ్యాసం.

నేను మునిసిపల్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పుకునేవాణ్ని. మా బడి పైకప్పు మరమ్మతు మూడుసార్లు అజెండాకెక్కి రెండుసార్లు వాయిదా పడింది. ఆ వంకతో సందర్శకుల బల్లమీద కూర్చుని చూసిన సభలు కొన్నున్నాయి. నేను చెప్పబోయేది అక్కడ చూసినదీ, చట్టాలు చదివి తెలుసుకున్నదీ.

చరిత్ర ఎక్కడ మొదలైంది

స్థానిక స్వపరిపాలన అనే మాట మనకు రిప్పన్ ప్రభువు కాలంలో స్థిరపడింది. 1882 మే 18న ఆయన ప్రభుత్వం చేసిన తీర్మానం దానికి మూలపత్రం. మద్రాసు రాజధానిలో 1884లో, తరవాత 1920లో జిల్లా మునిసిపాలిటీల చట్టాలు వచ్చాయి. ఈ స్వపరిపాలన వెనుక వలస ప్రభుత్వానికి తన లెక్క తనకుంది. రోడ్లకూ దీపాలకూ పారిశుద్ధ్యానికీ అయ్యే ఖర్చు స్థానికుల మీదికి నెట్టాలి. పన్ను వేసిన చెడ్డపేరు కూడా స్థానికులే మోయాలి. ఓటుహక్కు ఆస్తికీ పన్నుకూ ముడిపడి ఉండడంతో సభలోకి వచ్చినవారు ప్లీడర్లు, వర్తకులు, ఇళ్ళయజమానులు. వీధులూడ్చేవాడు ఆ సభకు పనివాడే తప్ప ఓటరు కాడు.

ఈ వ్యవస్థ స్వభావాన్ని మన ప్రజలు గుర్తుపట్టిన సందర్భం ఒకటి తెలుగుదేశంలోనే ఉంది. అది చీరాల-పేరాల ఉద్యమం. అంతకుముందు యూనియనుగా ఉన్న చీరాల, పేరాలలను ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. పన్నులు ఎన్నోరెట్లు పెరిగాయి. నేతపనివారూ చిన్నరైతులూ ఎక్కువగా ఉన్న ఊళ్ళు అవి. మాకీ మునిసిపాలిటీ అక్కరలేదని జనం అర్జీలు పెట్టారు, పన్నులు ఎగవేశారు, కొందరు జైలుకు వెళ్లారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో వేలాదిమంది ఇళ్ళు విడిచి ఊరి పొలిమేర అవతల పాకలు వేసుకుని రామనగరం అని పేరు పెట్టుకున్నారు. ఎండకూ వానకూ ఓర్చి దాదాపు పదకొండు నెలలు అక్కడ కాపురాలు చేశారు.

స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో దీన్ని మనం చదువుకుంటాం, పరీక్షల్లో రాస్తాం. దాని అంతరార్థం ఒకటి మాత్రం జారిపోతూ ఉంటుంది. ఆ జనం ఎదిరించింది 'స్వపరిపాలన' అనే పేరున్న వ్యవస్థను! పేరులో 'స్వ' ఉంది. నిర్ణయంలో తాము లేరు. ఊరి గురించి నిర్ణయం తమను అడగకుండా జరిగితే ఆ ఊరు తమది కాదని వాళ్ళు కాళ్ళతో చెప్పారు. పట్టణ పరిపాలన మీద రాయదలచిన తెలుగు రచయితకు ఇంతకన్న గట్టి పునాది మరొకటి దొరకదు.

స్వాతంత్ర్యం వచ్చాక ఓటు అందరిదీ అయింది. 1965లో ఆంధ్రప్రదేశ్ పురపాలక చట్టం వచ్చింది. 1992లో పార్లమెంటు ఆమోదించిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చింది. అయిదేళ్ళ కాలపరిమితి, దళితులకూ గిరిజనులకూ జనాభా దామాషాలో స్థానాలు, స్త్రీలకు మూడోవంతుకు తగ్గని స్థానాలు, పన్నెండో షెడ్యూలులో 18 విధులు – ఇవి దాని సారం. స్త్రీల వాటాను తెలుగు రాష్ట్రాలు తరవాత సగానికి పెంచాయి. తెలంగాణ 2019లో తన సొంత పురపాలక చట్టం చేసుకుంది. అందులో జిల్లా కలెక్టరుకు విశేషాధికారాలు దక్కాయి. కాగితం మీద చూస్తే ఇది చిన్న విజయం కాదు. 1884లో వీధి ఊడ్చినవాడి మునిమనవరాలు ఇవాళ చైర్‌పర్సన్ కుర్చీలో కూర్చోవచ్చు. కూర్చుంది కూడా. ఆమె ముందుకు వచ్చే కాగితం ఎవరు రాసినదన్నదే ఇక తేలవలసిన ప్రశ్న.

సభకు ముందే జరిగే సభ

కౌన్సిలు సాధారణంగా నెలకొకసారి సమావేశమవుతుంది. ఇది గాక అత్యవసర సమావేశం, బడ్జెట్ సమావేశం ఉంటాయి. అధ్యక్షస్థానంలో చైర్‌పర్సన్, ఎదురుగా వార్డు కౌన్సిలర్లు, కోఆప్షన్ సభ్యులు, పదవిరీత్యా సభ్యులైన శాసనసభ్యుడూ పార్లమెంటు సభ్యుడూ, ఒక పక్క కమిషనరు, ఇంజనీరు, మేనేజరు, శానిటరీ ఇన్‌స్పెక్టరు, టౌన్ ప్లానింగువారు. అజెండా ముందుగా సభ్యుల ఇళ్ళకు చేరుతుంది. సభలో మేనేజరో గుమస్తానో అంశాల వరుస చదువుతాడు. ముందు వరసలోనుంచి 'ఆమోదం, ఆమోదం' అన్న మాట వినిపిస్తుంది. తరవాతి అంశం.

ఈ వేగం చూసి కొత్తవాడు ఆశ్చర్యపోతాడు. ఆశ్చర్యపడనక్కరలేదు. అంశాల్లో రకాలున్నాయి. చేయబోయే పనులకు అంచనాలు, టెండర్లు ఒక రకం. ఇప్పటికే చేసేసిన పనికి, పెట్టేసిన ఖర్చుకు వెనకనుంచి వేసే ముద్ర రెండో రకం. దీన్ని ఆఫీసువారు 'ర్యాటిఫికేషన్' అంటారు. కౌన్సిలు ఆమోదం లభిస్తుందని ముందే భావించి చైర్‌పర్సన్ అనుమతితో జరిపించినవి ఇందులోకి వస్తాయి. వరద వచ్చినప్పుడు, పైపు పగిలినప్పుడు ఇది అవసరమే. ఏడాది పొడుగునా వరదే అన్నట్టు వాడుకోవడంలో ఉంది కిటుకు. పై ప్రభుత్వ ఉత్తర్వులను 'రికార్డు చేయుట' మూడో రకం. అజెండాలో లేకుండా అప్పటికప్పుడు బల్లమీదికి వచ్చే అంశం నాలుగోది – టేబుల్ అజెండా. నా అనుభవంలో, చదివి రాకుండా చేయవలసిన అంశాలు బల్లమీదికే వస్తాయి.

అసలు బేరాలు సభకు ముందు రోజు జరుగుతాయి. పాలకపక్షం సభ్యులు చైర్‌పర్సన్ ఇంట్లోనో, శాసనసభ్యుడి కార్యాలయంలోనో కూడతారు. ఏ వార్డుకు ఎన్ని సిమెంటు రోడ్లు, ఏ పని ఎవరి గుత్తేదారుకు, ప్రతిపక్షంలో ఎవరి నోరు ఏ పనితో మూయాలి అన్నవి అక్కడే తేలిపోతాయి. ఒక పెద్ద పనిని టెండరు పరిధిలోకి రాకుండా చిన్నముక్కలు చేసి నామినేషను మీద పంచుకోవడం ఈ విద్యలో మొదటి పాఠం. చైర్‌పర్సన్ ఎన్నికప్పుడూ అవిశ్వాసమప్పుడూ సభ్యులను బస్సెక్కించి పొరుగూరి హోటళ్ళలో ఉంచే 'క్యాంపు' ఇంకో పాఠం. అంటే హాలులో మనం చూసేది నాటకం చివరి అంకం. మొదటి అంకాలు చూడని విమర్శకుడు పాత్రల మాటలకు అర్థం చెప్పలేడు.

'ఆమోదించడమైనది'

తెలుగు చదువుకున్నవాళ్ళం కనుక తీర్మానం భాష దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. ఇలాంటి అంశాన్ని ఆఫీసులో ఏ తీరున రాస్తారో నమూనాగా చెబుతాను:

'పట్టణ దినవారీ కూరగాయల మార్కెట్టు ఆశీలు వసూలు హక్కును వేలంలో హెచ్చుపాటదారుకు ఖరారు చేసిన విషయం కౌన్సిలువారి ఆమోదం నిమిత్తం సమర్పించడమైనది.'

దాని కింద తీర్మానం: 'ఆమోదించడమైనది.'

ఈ రెండో వాక్యంలో కర్త ఎవరు? వ్యాకరణం తెలిసిన విద్యార్థిని అడగండి. 'ఆమోదించడం' క్రియానామం. దానికి 'అయినది' తగిలించారు. ఆమోదించడం అనే క్రియ తనంతట తాను అయింది – వాన కురిసినట్టు, పొద్దు గుంకినట్టు. ఆమోదించినవాడు వాక్యంలో లేడు. 'ఆమోదింపబడినది' అని రాసినా అంతే. మన నోటిమాటలో 'బడు' ధాతువుతో కర్మణి వాక్యం అరుదు. 'ఎవరు కొట్టారు?' అని అడిగితే పల్లెటూరి పిల్లవాడు 'వాడు కొట్టాడు' అంటాడు. 'నేను కొట్టబడ్డాను' అనడు. తెలుగువాడి సహజవాక్యం చేసినవాడి పేరు అడుగుతుంది. ఆఫీసువాక్యం ఆ పేరు దాస్తుంది.

ఇది కేవలం శైలీభేదం అనుకోకూడదు. అధికారం తన బాధ్యతను ఎక్కడ దాచుకుంటుందో చూపించే వాక్యనిర్మాణం ఇది. కాలువ పూడ్చి దుకాణాలు కట్టినవాడెవడని నిలదీస్తే కౌన్సిలరు కమిషనరును చూపిస్తాడు, కమిషనరు తీర్మానం చూపిస్తాడు, తీర్మానంలో కర్త లేడు! వ్యావహారిక భాషావాదం పేరు చెప్పుకునే మనం నూరేళ్ళుగా కవిత్వంలో, పత్రికల్లో గెలిచామని సంతోషిస్తున్నాం. జనం బతుకును శాసించే కాగితం మీద మాత్రం గ్రాంథికమో, గ్రాంథికం ముసుగు వేసుకున్న ఇంగ్లీషో ఇంకా రాజ్యం చేస్తున్నది. ఈ సంగతి మన భాషోద్యమ వ్యాసాల్లో నాకు ఎక్కువగా కనిపించలేదు.

గంప కింద లెక్క

పై నమూనాలో ఉన్న ఆశీలునే తీసుకుని ఒక అంశాన్ని బయటికి లాగి చూద్దాం. తెలంగాణలో దీన్ని తైబజారు అంటారు. మార్కెట్టులో, రోడ్డు పక్కన సరుకు పెట్టుకుని అమ్మేవారినుంచి రోజువారీ రుసుము వసూలుచేసే హక్కును మునిసిపాలిటీ ఏడాదికి వేలం వేస్తుంది. పాత రాబడి చూసుకుని సర్కారువారి పాట నిర్ణయిస్తారు. పైపాట పాడినవాడు గుత్తేదారు. అతడు మునిసిపాలిటీకి కట్టవలసిన సొమ్ము పాటలో స్థిరపడిపోయింది. ఆపైన రాబట్టుకున్నదంతా అతనిదే. కనుక అతని లాభం మొత్తం గంపల దగ్గరే పుట్టాలి. గంపకు ఇంత, తోపుడుబండికి ఇంత, మేకకు ఇంత అని రేట్ల పట్టిక ఉంటుంది. ఆ పట్టికను బోర్డు రాసి మార్కెట్టు ద్వారం దగ్గర కట్టాలి. బోర్డు లేకపోవడం, ఉన్నా అంకెలు చెరిగిపోయి ఉండడం సామాన్యంగా చూసేదే.

తెల్లవారుజామున ఆకుకూరల మూట దించుకున్న ముసలమ్మ దగ్గరికి వసూలు కుర్రాడు వస్తాడు. 'ఆశీలు తియ్యి మామ్మా' అంటాడు. 'బోణీ కానీ నాయనా' అంటుందామె. 'పాటెవడు కడతాడు, నీ బోణీ కడతదా?' అంటాడు వాడు. ఈ మూడు మాటల్లో ఒక ఆర్థికశాస్త్రం ఉంది. కుర్రాడు రోజుకూలీ. అతని వెనుక గుత్తేదారు, గుత్తేదారు వెనుక వడ్డీకి పెట్టుబడి పెట్టినవాడు, ఆ పెట్టుబడిదారుకు కౌన్సిలులో బంధువు. ముసలమ్మను కుర్రాడు కసిరితే కథలో కుర్రాణ్ని దుర్మార్గుణ్ని చేసి మనం చేతులు దులుపుకుంటాం. కథ అక్కడ ఆగితే 'ఆమోదించడమైనది' అన్న వాక్యం లాగానే మన కథ కూడా అసలు కర్తను దాచినట్టే.

ఇక్కడ చట్టం ఒకటి జనం పక్షాన ఉంది. 2014లో వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ చట్టం వచ్చింది. పట్టణ వెండింగు కమిటీలో నూటికి 40కి తగ్గకుండా వీధి వ్యాపారులే ఎన్నికై కూర్చోవాలనీ, వారిలో మూడోవంతు స్త్రీలుండాలనీ అది చెబుతుంది. సర్వే చేసి గుర్తింపు ఇవ్వకుండా ఎవరినీ లేవగొట్టకూడదంటుంది. ఆ కమిటీ మన ఊళ్ళో ఉందా, ఉంటే ఎప్పుడు కూర్చుంది, ఆకుకూరల మామ్మకు దాని సంగతి తెలుసా? రచయిత వెళ్ళి అడగవలసిన ప్రశ్నలివి. వీటికి దొరికే జవాబుల్లో కథ ఉంది.

పైనుంచి వచ్చే నిర్ణయం

కౌన్సిలర్ల అవినీతి చెబితే సగం చెప్పినట్టు. మధ్యతరగతి పాఠకుడికి అది ఇష్టమైన సగం కూడా. రెండో సగం ఏమంటే, ఆ కౌన్సిలు చేతిలో నిజంగా ఉన్న అధికారం చాలా తక్కువ. దానికి ఒక ఉదాహరణ ఈ మధ్యదే.

2020 మే నెలలో, కోవిడ్ కాలంలో, రాష్ట్రాలు తమ స్థూల ఉత్పత్తిలో మరో 2 శాతం అప్పు తెచ్చుకోవచ్చునని కేంద్ర ప్రభుత్వం అన్నది. అందులో కొంత భాగానికి సంస్కరణల షరతులు పెట్టింది. పట్టణ సంస్థల సంస్కరణకు 0.25 శాతం. ఆస్తిపన్ను కనీస రేట్లు రిజిస్ట్రేషను విలువలకు అనుగుణంగా ఉండాలి, నీటికీ మురుగుకూ వసూలుచేసే రుసుములకూ కనీస రేట్లు ప్రకటించాలి – ఇవీ షరతులు. ఆ సంవత్సరాంతానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టాలు సవరించింది. అంతకుముందు ఇంటిపన్నుకు ఆధారం ఏటా వచ్చే అద్దె విలువ. ఇకమీదట మూలధన విలువ. నివాసగృహాలకు ఆ విలువమీద 0.10 నుంచి 0.50 శాతం వరకు పన్ను వేయవచ్చు. ఏడాదికి పెంపు 15 శాతం మించరాదన్నారు. 2021 ఏప్రిల్ నుంచి అమలన్నారు.

ఈ తేదీలు జాగ్రత్తగా చూడాలి. 2019లో కాలం ముగిసిన కౌన్సిళ్ళకు ఎన్నికలు జరిగింది 2021 మార్చి 10న. చట్టం మారిన నాటికి అత్యధిక పట్టణాల్లో ఎన్నికైన సభే లేదు. కొత్త సభ్యులు ప్రమాణం చేసి కూర్చునేసరికి పన్ను వాళ్ళకోసం సిద్ధంగా ఉంది. వామపక్షాలూ పన్ను చెల్లింపుదారుల సంఘాలూ రోడ్డుమీదికి వచ్చి ఆందోళన చేశాయి. పన్ను ఊరిది, కట్టేది ఊరివాళ్ళు, కారణం ఢిల్లీలో అప్పు పరిమితి. 1920ల చీరాలకూ 2021 నాటి చిన్న పట్టణానికీ పోలికలున్నాయా లేవా అన్నది పాఠకులే ఆలోచించాలి.

ఎన్నికైన సభ లేనప్పుడు ఏం జరుగుతుంది? ప్రత్యేకాధికారి వస్తాడు. 2010లో గడువు తీరిన కౌన్సిళ్ళకు 2014 దాకా ఎన్నికలు జరగలేదు. ఆ నాలుగేళ్ళూ, తరవాత 2019-21 మధ్యనూ, కౌన్సిలు అధికారాలన్నీ అధికారి ఒక్కడివే. విచిత్రమేమంటే అప్పుడు కూడా తీర్మానాలుంటాయి! అంశం ఉంటుంది, దానికి నెంబరుంటుంది, కింద ఆమోదం ఉంటుంది. ఖాళీ కుర్చీల సభలో ఒకే మనిషి సభ చేసుకుంటాడు. ఏ అధివాస్తవిక కవీ ఊహించని దృశ్యం ఇది. మినిట్సు పుస్తకం తిరగేసి చూడండి: ముప్ఫైమంది ఆమోదించిన పుటకూ, ఒక్కడు ఆమోదించిన పుటకూ వాక్యంలో పెద్ద తేడా కనబడదు. కర్త లేని వాక్యం ఇద్దరికీ సరిపోయింది.

మా బడి సంగతి కూడా ఇందులోకే వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో మునిసిపల్ పాఠశాలల పర్యవేక్షణను 2022లో పాఠశాల విద్యాశాఖకు అప్పగించారు. అది మంచిదా చెడ్డదా అని ఉపాధ్యాయుల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. మా కౌన్సిలు అభిప్రాయమేమిటో మాత్రం ఎవరూ అడిగినట్టు నాకు గుర్తులేదు.

'నా పేరు రాయండి'

ఇదంతా విన్న యువరచయిత 'అయితే ఇదంతా బూటకమే కదా, దీని గురించి రాయడమెందుకు?' అనవచ్చు. ఈ మాట విప్లవాత్మకంగా వినబడుతుంది. ఫలితంలో మాత్రం హాస్యకథకుడి ధోరణికి ఇది తోబుట్టువు. ఇద్దరూ హాలు తలుపు మూసేస్తారు. లోపల జరిగే ఘర్షణ ఇద్దరికీ కనబడదు.

నేను చూసిన ఒక కౌన్సిలరు గురించి చెప్పాలి. రిజర్వుడు వార్డునుంచి గెలిచిన స్త్రీ, బీడీలు చుట్టిన చేతులు. మొదటి ఏడాది ఆమె పక్కన భర్త నిలబడేవాడు; సంతకం ఆమెది, మాట అతనిది. మన కథల్లో ఇలాంటి స్త్రీ అక్కడే ఆగిపోతుంది, కీలుబొమ్మగా. ఈమె ఆగలేదు. రెండో ఏడు ఇంజనీరును 'అంచనా అంటే ఏంటండీ, అందులో మా వీధి ఎంత పొడుగు రాశారు?' అని అడిగింది. సభ నవ్వింది. మూడో ఏడు వాళ్ళ వార్డులో నీళ్ళ ట్యాంకు పక్కనున్న ఖాళీ స్థలం దుకాణాలకు లీజు అంశం వచ్చింది. అలవాటుగా ఆమోదం అన్నారు. ఆమె లేచింది.

'మేనేజరు గారూ, నేను ఒప్పుకోలేదని రాయండి.'

'మెజారిటీ ఆమోదం అని రాస్తాం లెండమ్మా, సరిపోతుంది.'

'నా పేరు రాయండి. ఎందుకు ఒప్పుకోలేదో కూడా రాయండి. ఆడవాళ్ళు బిందెలు పెట్టుకునే చోటు అది.'

రాశారు. అంశం మెజారిటీతో నెగ్గింది. దుకాణాలు కూడా కట్టారు. కాని వార్డులోని ఆడవాళ్ళు సమాచార హక్కు చట్టం కింద ఆ పుట నకలు తీసుకుని జిల్లా అధికారుల దగ్గరికి వెళ్ళినప్పుడు వాళ్ళ చేతిలో ఒక పేరూ ఒక కారణమూ ఉన్నాయి. ట్యాంకు దగ్గరికి పదడుగుల దారి వదలవలసి వచ్చింది. పదడుగుల దారి మహావిప్లవం కాదని నాకూ తెలుసు. ఆ దారిన రోజూ బిందెతో నడిచే మనిషికి అది ఎంతో కూడా తెలుసు. సాహిత్యపరంగా నాకు ముఖ్యమైన సంగతి మరొకటి. కర్త లేని ఆ పుస్తకంలో ఆమె ఒక కర్తను నిలబెట్టింది. 'నేను ఒప్పుకోలేదు' – ఉత్తమ పురుష, ఏకవచనం, శుద్ధమైన వాడుకభాష.

పారిశుద్ధ్య కార్మికులు చేసిందీ అదే, ఇంకా పెద్ద ఎత్తున. అజెండాలో వాళ్ళు ఒక సంఖ్య – ఇంతమంది ఏజెన్సీ కార్మికుల సేవలు ఇన్ని నెలలు కొనసాగించుట. 2015 జులైలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మునిసిపల్ కార్మికులు సమ్మెకు దిగారు. 2023 డిసెంబరు చివరివారంలో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సమ్మె 2024 జనవరి దాకా సాగింది. చెత్త ఎత్తని రోజున ఊరికి ఆ సంఖ్య మనుషులుగా కనిపించింది.

రచయిత చేయవలసింది

నేను సూత్రాలు చెప్పే శక్తి ఉన్నవాణ్ని కాను. అయినా తెలుగు మాస్టారుగా కొన్ని సూచనలు చేస్తాను. మీ ఊరి కౌన్సిలు సభకు ఒకసారి వెళ్ళండి. మీ వీధి గురించి చేసిన ఒక తీర్మానం నకలు సంపాదించండి. అందులోని ప్రతి క్రియాపదం దగ్గరా ఆగి 'ఎవరు?' అని అడగండి. జవాబు హాలులో దొరక్కపోతే ముందురోజు సభ జరిగిన ఇంటికి, ఆ ఇంటినుంచి గుత్తేదారు దగ్గరికి, సచివాలయంలోంచి వచ్చిన ఉత్తర్వు దగ్గరికి, ఆ ఉత్తర్వుకు కారణమైన అప్పు దగ్గరికి వెళ్ళండి. ఇంకోవైపు గంప దగ్గరికి, కుళాయి దగ్గరికి వెళ్ళండి. ఈ రెండు కొసలూ కలిసినచోట వస్తువు దొరుకుతుంది.

శిల్పం విషయంలో ఒక్క మాట. వ్యంగ్యం వదులుకోమని నేననను. కందుకూరి వీరేశలింగం 1874లో 'వివేకవర్ధిని' పెట్టినప్పటినుంచి అధికారుల లంచగొండితనాన్ని వ్యంగ్యంతో కొట్టిన సంప్రదాయం మనది. వ్యంగ్యానికి గురి ఎవరన్నది చూసుకోవాలి. చదువురాని కౌన్సిలరు ఇంగ్లీషు మాట తప్పు పలికితే నవ్వే వ్యంగ్యం ఇళ్ళయజమానుల వ్యంగ్యం. 1884 నాటి ఓటర్ల నవ్వు అది. తప్పులేని భాషలో తయారైన తీర్మానాన్ని చూసి నవ్వగలిగితే అది జనం నవ్వు.

తీర్మానాల పుస్తకం ప్రతి ఊళ్ళోనూ ఉంది. దాన్ని పాఠంగా చదివిన విమర్శ, దానికి జవాబుగా పుట్టిన కథ మన సాహిత్యంలో ఇంకా రావలసి ఉంది. కొత్తగా రాస్తున్నవారిలో ఎవరైనా ఆ పని మొదలుపెడితే, మొదటి వాక్యంలోనే కర్తను నిలబెట్టాలని నా కోరిక.